పులుపు చాటున చక్కెర

తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక యింట పులిహోరకు పులుసు ఉడుకుచున్నదనుకొందము. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసివేసి, ఆ చిక్కని రసమును పొయ్యిమీద పెట్టుదురు. ఇంటిలో చక్కెర వ్యాధి గల పెద్దవారున్నచో వారికి బెల్లము పెట్టరు. చింతపండు సంగతి మాత్రము ఎవరికిని తట్టదు. పుల్లని దానిలో చక్కెర ఉండదని చాలమంది నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో పరీక్షించుటకు ఇటలీ దేశపు బాల్సమిక్ వెనిగర్ మంచి ఉదాహరణము. నేడు పెద్ద పట్టణముల అంగళ్లలో ఇది దొరకుచున్నది. ‘కీటో’ ఆహార నియమము పాటించువారు దీనిని వాడవచ్చునా అనునది ప్రశ్న.

కీటో పద్ధతిలో పిండిపదార్థములను, చక్కెరలను బాగుగా తగ్గించి క్రొవ్వును పెంచుదురు. శరీరమునకు చాలినంత గ్లూకోజు దొరకనప్పుడు కాలేయము క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయును. మెదడు సైతము వానిని ఇంధనముగా వాడుకొనగలదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీనిని మూర్ఛరోగులకు సూచించెను. నేటికిని మందులకు లొంగని మూర్ఛగల పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో ఈ ఆహారమిచ్చుట కలదు. తెలుగుదేశమున 2017 ప్రాంతములో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన కొబ్బరినూనె, నిమ్మరసముల పద్ధతితో ఇటువంటి ఆహారము ఇంటింట చర్చకు వచ్చినది. వైద్యులలో పలువురు దానిని ఆక్షేపించిరి.

బరువు తగ్గుటకు ఈ నియమము పట్టినవారు సాధారణముగా రోజుకు 20 నుండి 50 గ్రాముల పిండిపదార్థములతో సరిపెట్టుకొందురు. మూర్ఛరోగి అయిన పిల్లవాని లెక్క ఇంకను కఠినము. 4 గ్రాముల క్రొవ్వుకు, మాంసకృత్తులు పిండిపదార్థములు రెండును కలిపి 1 గ్రాము మాత్రమే ఇచ్చు పద్ధతిలో, రోజుకు 1200 కేలరీలు కావలసిన బిడ్డకు 120 గ్రాముల క్రొవ్వు, 30 గ్రాముల తక్కినవి వచ్చును. ఎదుగుదలకు 20 గ్రాముల మాంసకృత్తులు తీసివేయగా మిగులునది 10 గ్రాములే. ఇటువంటి చోట ఒక చెంచాలోని చక్కెరయు లెక్కకు వచ్చును.

ఇక వెనిగర్ సంగతి. తియ్యని రసమేదైనను గాలికి వదలినచో రెండు దశలలో పులియును. మొదట ఈస్టు కణములు చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. తరువాత మరియొక జాతి సూక్ష్మజీవులు గాలిలోని ప్రాణవాయువు సాయమున ఆల్కహాలును ఎసిటికామ్లముగా మార్చును. ఈ రెండవ దశ సూక్ష్మజీవుల పనియేనని పాశ్చర్ 1864లో వివరించెను. లెక్క ప్రకారము 180 గ్రాముల గ్లూకోజునుండి 92 గ్రాముల ఆల్కహాలు, దానినుండి 120 గ్రాముల ఎసిటికామ్లము రావలెను. ఆచరణలో ఇంతకు తగ్గును. ముఖ్యవిషయ మేమనగా, ఈ పని తుదిదాక సాగినచో పులుపే మిగులును, చక్కెర మిగులదు. కనుకనే తెల్లని వెనిగర్‌లో చక్కెర దాదాపు శూన్యము. ఎసిటికామ్లమును నీటిలో కలిపి చేసిన కృత్రిమపు వెనిగర్ మాట చెప్పనే అక్కరలేదు.

బాల్సమిక్ వెనిగర్ దారి వేరు. అది తెలియుటకు చిత్తూరు ప్రాంతపు చెరకు గానుగ దగ్గర నిలుచుండిన చాలును. ఆడిన రసమును ఆలస్యము చేయక పెనములో పోసి కాచుదురు, నిలువయుంచినచో పులిసిపోవును. పాకము చిక్కబడిన కొలది పులియు భయము తగ్గును. చక్కెర మితిమించిన చోట నీరు సూక్ష్మజీవులకు అందదు; వాని కణములలోని నీరే బయటికి లాగబడును. బెల్లము నెలల తరబడి నిలుచుట ఇందువలననే. ఇటలీలోని మొడేనా ప్రాంతమువారు ద్రాక్షరసమును ఇటులనే కాచుదురు, కాని బెల్లము వరకు పోనీయరు. నడుమ ఆపి, ఆ చిక్కని రసమును కొయ్యపీపాలలో పులియబెట్టుదురు. చిక్కదనము వలన కిణ్వనము తుదిముట్టదు. పులుపు పుట్టును, చక్కెరయు నిలుచును. సంప్రదాయ రకము కనీసము 12 ఏండ్లు పీపాలలో ఉండవలెను. ఏటేట నీరు ఆవిరియగుటచే చక్కెర మరింత చిక్కబడును.

అంగడిలో సాధారణముగా దొరకునది ఈ రకము కాదు. అది ద్రాక్షసారాయపు వెనిగర్‌లో కాచిన ద్రాక్షరసమును కలిపి, కనీసము 60 రోజులు ఉంచినది. 2009లో ఐరోపా సమాజము దీనికి ఏర్పరచిన నిబంధనల ప్రకారము లీటరుకు 110 గ్రాములకు తక్కువకాని చక్కెర ఉండవలెను. అనగా 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాలో సుమారు అర గ్రాము. చిక్కని రకములలో ఇంతకంటె హెచ్చుగా ఉండవచ్చును. రోజుకు 20 గ్రాముల హద్దు పెట్టుకొన్న పెద్దవారికి ఒక చెంచా అడ్డురాదు. పది గ్రాముల బిడ్డకు మాత్రము తూచి వేయవలసినదే. ఇంకను కాచి తేనెవలె చిక్కబరచి ‘గ్లేజు’ పేర అమ్ముదానిని పాకముగా ఎంచుటయే న్యాయము.

చింతపండులో కిణ్వనమే లేదు. చెట్టే టార్టారికామ్లమును, చక్కెరను పక్కపక్కన కూర్చి పెట్టుచున్నది. గింజ, ఈనె తీసిన గుజ్జులో రకమునుబట్టి నూటికి 8 నుండి 18 పాళ్లు ఆమ్లము, 25 నుండి 45 పాళ్లు చక్కెర ఉండును. వంటింటిలో అన్నిటికంటె పుల్లని పండు నిజమునకు మిక్కిలి చక్కెరగల పండ్లలో నొకటి! నిమ్మకాయంత ముద్ద 25 గ్రాములు తూగుననుకొన్న 6 నుండి 11 గ్రాముల చక్కెర. నలుగురు పంచుకొన్న తలకు రెండు, మూడు గ్రాములు. ఇది బాల్సమిక్ చెంచాకంటె హెచ్చే. అయితే పులిహోరలో నిందింపదగినది చింతపండు కాదు. వంద గ్రాముల అన్నములోనే సుమారు 28 గ్రాముల పిండిపదార్థ మున్నది. నిమ్మరసము మేలు: నూరు గ్రాములలో చక్కెర రెండు, మూడు గ్రాములే, పులుపంతయు సిట్రికామ్లముది.

మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు పులుసు మార్చుకొనుట వేరు, అన్నము మాని కీటో పట్టుట వేరు. మందు మోతాదును వైద్యుడు సవరింపనిచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. కొన్ని మాత్రలతో కీటోనులు మితిమీరి ప్రాణాపాయ స్థితి కలుగుటయు కద్దు.

పాఠశాల ప్రయోగశాలలో ఈ భేదమును తేలికగా చూపవచ్చును. తెల్లని వెనిగర్, నిమ్మరసము, వడకట్టిన చింతపండు రసము, దొరికినచో బాల్సమిక్ వెనిగర్ తీసికొని, ముదురు రంగు గలవానిని పదింతలు నీటితో పలుచన చేయవలెను. నీలి లిట్మసు నాల్గింటను ఎర్రబారును; నాలుక చెప్పునదియు అంతమట్టుకే. పిదప పొంగు ఆగువరకు వంటసోడా చేర్చి పులుపును విరిచి, 5 మిల్లీలీటర్ల బెనిడిక్ట్ ద్రావణములో ఎనిమిది చుక్కలు వేసి, పరీక్షనాళికను మరుగునీటిలో ఐదు నిమిషములు ఉంచవలెను. సోడా మరచినచో ఆమ్లము ద్రావణమును చెడగొట్టి ఫలితమును తారుమారు చేయును. తెల్లని వెనిగర్ నీలముగానే నిలుచును. నిమ్మరసము ఆకుపచ్చకో పసుపుకో తిరుగును. చింతపండు, బాల్సమిక్ ఇటుక రంగు వైపు పోవును. ఫెలింగు ద్రావణమే ఉన్నచో దానితోను చేయవచ్చును. అందులో రాగిని కరగి ఉండునట్లు చేయు లవణము టార్టారికామ్లపుదే, అనగా చింతపండు పులుపే.