ఫైబర్ బాడీ కారుకు ముందుభాగం మార్చడం: ఉస్తాద్‌లకు, ఇంటి పెద్దలకు కొన్ని మాటలు

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ అది. అక్కడ ఉక్కు రేకును ప్రెస్సులో నొక్కి, రోబోలతో వెల్డింగ్ చేసి బాడీ కడతారు. హిందూపురం, ధర్మవరం షెడ్లలో టింకరింగ్ నేర్చుకున్న మన పిల్లల చేతులకు కూడా ఈ ఉక్కు రేకే అలవాటు. సొట్ట పడితే సుత్తితో లాగుతారు, చిరిగితే వెల్డింగ్ పెడతారు, పుట్టీ పూసి రంగు వేస్తారు.

రేకే లేని కార్లు కూడా ఉన్నాయి. హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 1980లలో సిపానీ కంపెనీ డాల్ఫిన్ అనే చిన్న కారు తయారు చేసింది. ఇంగ్లండులోని రిలయంట్ కిటెన్ దానికి మూలం. కింద ఉక్కు ఛాసీ, పైన మొత్తం ఫైబర్ గ్లాస్ బాడీ. తేలికగా ఉండేది కాబట్టి ర్యాలీ పోటీల్లో బాగా పరుగెత్తింది. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల, పైకప్పు తీసే స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని బాడీ కూడా ఫైబరే. ఇక ఈ రకం కార్లకు పెద్దన్న అమెరికావాళ్ల షెవర్లే కార్వెట్. 1953లో మొదటి ఏడాది 300 కార్లే తయారయ్యాయి, అన్నీ దాదాపు చేత్తో కట్టినవే. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పేరుతో కార్లు వస్తూనే ఉన్నాయి.

ఇలాంటి పాత స్పోర్ట్స్ కార్లను జాగ్రత్తగా దాచుకున్నవాళ్లు బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నారు. ముందుభాగం పగిలితే మంచి పనివాడి కోసం వెతుకుతారు. పెళ్లి బారాత్‌లకు అద్దెకిచ్చే 'వింటేజ్' కార్లలో చాలావాటికి కూడా ఫైబర్ బాడీయే ఉంటుంది. పని దొరికే చోటుంది, చేతిలో నేర్పూ ఉంది. తేడా తెలియకపోవడమే సమస్య. రేకుకు చేసినట్టే ఫైబర్‌కు చేస్తే బండీ పాడవుతుంది, చేసిన పిల్లాడి కళ్లూ ఊపిరితిత్తులూ పాడవుతాయి.

ముందుగా ఒక తేడా. ఇప్పటి కార్ల బంపర్లు ప్లాస్టిక్, అంటే వేడి చేస్తే మెత్తబడేవి. ఫైబర్ గ్లాస్ అలాంటిది కాదు. గాజు దారాల చాపను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి గట్టిపరిచినది. ఒకసారి గట్టిపడ్డాక వేడి చేసినా మళ్లీ కరగదు, వంగదు. ఉక్కులా సొట్ట పడదు, చీలుతుంది. పైన రంగు మీద నక్షత్రం ఆకారంలో సన్నని గీతలు కనిపిస్తే లోపలి పొరలు కూడా విడిపోయి ఉండొచ్చు. ఒక రూపాయి నాణెంతో తట్టి చూడండి. బాగున్నచోట టంగుమంటుంది, పొర విడిన చోట బోలుగా, మొద్దుగా వినిపిస్తుంది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. ముందుభాగం అంతా తట్టి, చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకున్నాకే బాగుచేయాలా, మొత్తం మార్చాలా అన్నది తేల్చాలి.

ఒకటి రెండు చోట్ల చీలితే మార్చనక్కర్లేదు. చీలిక చుట్టూ ఏటవాలుగా అరగదీయాలి. మందానికి కనీసం పది రెట్ల వెడల్పు వచ్చేలా గీసి, లోపలి వైపు నుంచి కూడా కొత్త చాప పొరలు వేయాలి. పైన పుట్టీ నింపి రంగు వేసేసే పని మాత్రం ఆరు నెలలు కూడా నిలవదు. దీపాల చుట్టూ, బోల్టులు బిగించే చోట్ల, ఛాసీకి అతుక్కునే అంచుల్లో ముక్కలైతే అప్పుడు మార్చడమే మేలు.

కార్వెట్‌కు కొత్త ముందుభాగాలు అమెరికాలో ఇప్పటికీ అమ్ముతారు. వాటిలో రెండు రకాలు. ప్రెస్సులో నొక్కి తీసినవి రెండు వైపులా నున్నగా, మందం సమానంగా ఉంటాయి. అచ్చులో చేత్తో పొరలు వేసి తీసినవి చవక, కానీ లోపలి వైపు గరుకుగా ఉంటుంది, అంచుల దగ్గర బాగా సరిచేయాల్సి వస్తుంది. ఇంత పెద్ద ముక్కను సముద్రం దాటించడానికి అయ్యే రవాణా, సుంకం ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. డాల్ఫిన్, శాన్ స్టార్మ్ రెండూ ఇప్పుడు తయారవ్వడం లేదు కాబట్టి కొత్త ముక్క కంపెనీ నుంచి రాదు. పగిలిన పాత ముందుభాగాన్నే తాత్కాలికంగా అతికించి, నున్నగా చేసి, మైనం పూసి దాని మీద అచ్చు తీయాలి. ఆ అచ్చులోంచి కొత్తది తీయాలి. పని రెట్టింపే, కానీ నేర్చుకున్నవాడికి అచ్చు ఆస్తి లాంటిది. అదే బండి ఉన్న ఇంకో యజమాని వస్తే సగం పని ముందే అయిపోయినట్టు.

ఇక విప్పడం. బ్యాటరీ తీసేయాలి. రేడియేటర్, దీపాలు, బంపర్, బానెట్ విప్పాలి. ఆ తర్వాత తొందరపడి కోయకూడదు. డోర్ అంచు నుంచి ఫెండర్ వరకు, చక్రం మధ్య నుంచి ముక్కు కొన వరకు రెండు వైపులా కొలతలు రాసుకోవాలి, ఫోన్‌తో ఫొటోలు తీసుకోవాలి. పాతది తీసేశాక కొలవడానికి ఏమీ మిగలదు. కార్వెట్ లాంటి కార్లలో ముక్కలు బోల్టులతో కాకుండా అంటుతో కలిసి ఉంటాయి. అతుకు లోపల ఒక సన్నని పట్టీ ఉంటుంది. గ్రైండర్‌తో అతుకు గీత వెంట రంగు తీసి ఆ పట్టీ ఎక్కడుందో కనుక్కోవాలి, తర్వాత హీట్ గన్‌తో కొద్దిగా వేడి చేసి వెడల్పాటి ఉలితో మెల్లగా విడదీయాలి. మంచి ముక్కను విరగ్గొట్టకుండా విడదీయడంలోనే ఉస్తాద్ పనితనం కనిపిస్తుంది.

ముందుభాగం తీశాక ఛాసీ బయటపడుతుంది. అప్పుడే దాన్ని చూడాలి. ఇలాంటి కార్లలో దెబ్బను తట్టుకునేది ఫైబర్ కాదు, కింది ఉక్కే. తుప్పు పట్టినా, ప్రమాదంలో వంగినా ముందు దాన్ని సరిచేయకుండా పైన కొత్త ఫైబర్ కప్పడం యజమానిని మోసం చేయడమే. బోల్టులు సరిపోలేదని ఫైబర్‌ను గట్టిగా లాగి బిగిస్తే కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. సరిపోకపోతే సన్నని రేకు ముక్కలు సర్ది పెట్టాలి. బోల్టు కింద పెద్ద వాషర్ వేయాలి.

అంటు వేయకముందు కొత్త ముందుభాగాన్ని ఉత్తినే పెట్టి చూడాలి. డోర్లు వేసి, బానెట్ వేసి, దీపాలు బిగించి అన్ని సందులూ సమానంగా వచ్చేదాకా సరిచేయాలి. ఒక రోజు పట్టినా, రెండు రోజులు పట్టినా ఇక్కడ ఓపిక ముఖ్యం. అంటు గట్టిపడ్డాక సరిచేయడానికి మళ్లీ గ్రైండరే దిక్కు. అంటు విషయంలో ఇంకో సంగతి. 1970ల నుంచి కార్వెట్ ముక్కలు పూర్తిగా ప్రెస్సులో వేడితో నొక్కిన రకానివి. వాటికి మామూలు పాలియెస్టర్ రెజిన్ సరిగా పట్టదు. వాటికోసమే చేసిన అంటు గానీ ఎపాక్సీ గానీ వాడాలి. పాత రంగు తీయడానికి రేకు మీద వాడే రిమూవర్ మందును ఫైబర్ మీద పోయకూడదు, అది రెజిన్‌నే మెత్తబరుస్తుంది. పేపర్‌తో రుద్దే తీయాలి.

వైరింగ్ దగ్గర చాలామంది తలపట్టుకుంటారు. రేకు కారులో దీపం ఎర్త్ వైరును బాడీకి బిగిస్తే చాలు. ఫైబర్‌లో కరెంటు పారదు. ప్రతి దీపానికీ, హారన్‌కూ విడిగా ఛాసీ దాకా ఎర్త్ వైరు లాగాలి. ముందుభాగం మార్చాక హెడ్‌లైట్ మసకగా వెలిగితే బల్బులు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి.

ఇప్పుడు ఇంటి పెద్దలు చదవాల్సిన సంగతి. రెజిన్ ఘాటు వాసన స్టైరీన్ అనే ద్రవానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో దీన్ని 'బహుశా క్యాన్సర్ కలిగించేది' అన్న జాబితాలో చేర్చింది. దాని ఆవిరి సుమారు 31 డిగ్రీల వేడి దగ్గరే నిప్పురవ్వకు అంటుకోగలదు. ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలో రేకుల షెడ్డు లోపల ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? పక్కనే వెల్డింగ్ చేయడం, బీడీ వెలిగించడం అస్సలు పనికిరాదు. ముక్కుకు దస్తీ కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో, ఆవిరి ఏమాత్రం ఆగదు. ఆవిరికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అరగదీసేటప్పుడు వచ్చే గాజు దుమ్ముకు ఫిల్టర్ మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. సాయంత్రం చన్నీళ్లతో కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంట్లో చిన్నపిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్. చిన్న సీసాలో నీళ్లలాగే కనిపిస్తుంది. కంట్లో పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు. పడిన క్షణమే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, ఆ తర్వాతే ఆస్పత్రి. ఊదా రంగు కోబాల్ట్ మందును, హార్డనర్‌ను నేరుగా కలపకూడదు, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిశాకే హార్డనర్ వేయాలి, అదీ రెజిన్ బరువులో నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు మాత్రమే. అందుకే హార్డనర్‌ను వాడేసిన నీళ్ల బాటిళ్లలో పోసి పెట్టే అలవాటు మానాలి. ఎండలో వచ్చిన పిల్లాడు నీళ్లనుకుని ఎత్తుకున్నాడంటే అంతే సంగతులు. పని నేర్పించమని షెడ్డులో కొడుకును అప్పగించే అబ్బా, ఆ షెడ్డులో కళ్లద్దాలు, కుళాయి ఉన్నాయో లేదో అడిగితే తప్పేమీ కాదు. జీతం ఎంతని అడిగేముందే అడగొచ్చు.

కాగితాల పని కొంచెమే. పాతదాని లాంటిదే ముందుభాగం వేస్తే ఆర్‌సీలో మార్పు అక్కర్లేదు. ఇంజన్ గానీ రంగు గానీ మార్చితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీవోకు చెప్పి ఆర్‌సీలో ఎక్కించాలి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు. కానీ బండి రూపం పెద్దగా మార్చి ఉండకూడదు, కాబట్టి అలాంటి యజమాని ముక్కు ఆకారం కొత్తగా చేయమని అడిగితే ఉస్తాద్ ముందే హెచ్చరించాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మామూలు పాలసీ అయితే ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం కోత పెడతారు, ఫైబర్ గ్లాస్‌కు 30 శాతమే. బిల్లులో 'ప్లాస్టిక్ బంపర్' అని రాస్తే యజమాని నష్టపోతాడు. 'ఫైబర్ గ్లాస్ ముందుభాగం' అని స్పష్టంగా రాయాలి.

చివరిగా రంగు. అతుకులు గట్టిపడ్డాక వెంటనే రంగు వేయొద్దు. కొన్ని రోజులు ఎండలో నిలబెట్టాలి. రెజిన్ పూర్తిగా ఆరి, అతుకు కుంచించుకునేది అప్పుడే. లేకపోతే మెరిసే రంగు కింద అతుకు గీత రెండు నెలలకు పైకి తేలుతుంది. మన ఎండ ఈ ఒక్క పనికి మాత్రం బాగా సాయం చేస్తుంది.