అడక్కముందే... ఓ యూనిట్!

‘అర్జెంట్... నిమ్స్‌లో ఆపరేషన్. బి నెగెటివ్ కావాలి. ప్లీజ్, ఫార్వర్డ్ చేయండి!’

మధురానగర్ హాస్టళ్లలో ఉండే పిల్లల ఫోన్లకి ఇలాంటి సందేశాలు కొత్త కాదు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చి, గదికి ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకుంటుంటారు. చాలామందిది ఇరవైల్లో వయసు. మధురానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. నిమ్స్ ఉన్నది అక్కడే. రక్తం కావాల్సినవాళ్లకీ ఇవ్వగలిగినవాళ్లకీ మధ్య దూరం అంతే! అయినా ఆ సందేశాలు ఆగవు. ఎందుకని?

రక్తదానం అంటే ఎవరో అడిగితే చేసే పని అనుకుంటాం కాబట్టి. కానీ రక్తం తీయగానే రోగికి ఎక్కించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు పూర్తవ్వాలి. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషికి ఆ క్షణాన అక్కరకొచ్చేది అంతకుముందే ఎవరో ఇచ్చి వెళ్లిన యూనిట్.

అది లేనప్పుడు ‘బదులుగా ఇద్దరు దాతల్ని తీసుకురండి’ అంటారు. భార్యని ఆస్పత్రిలో చేర్పించి, వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్న రైతు ఈ మహానగరంలో ఎవర్ని తేగలడు? సరిగ్గా అప్పుడే ‘నేనిస్తా... ఎంతిస్తావ్?’ అనేవాడు తగులుతాడు.

ఒకప్పుడు ఇది బహిరంగంగానే సాగింది. ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన కేసులో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు, డబ్బుకి రక్తమిచ్చే పద్ధతిని రెండేళ్లలో ఎత్తేయాలంది. 1998 నుంచి అది నిషిద్ధం. బంధువుల్ని బదులు తెమ్మనే పద్ధతీ పోవాలని 2002 జాతీయ రక్త విధానం చెప్పింది. కారణం నైతికమైంది మాత్రమే కాదు. డబ్బు కోసం వచ్చినవాడు తన జబ్బు దాచేస్తాడు. వైరస్ సోకిన కొత్తలో కొన్నాళ్లపాటు అది పరీక్షకీ దొరక్కపోవచ్చు. ఆ సమయంలో రోగికి రక్ష... దాత నిజం చెప్పడమే! ఊరికే ఇచ్చేవారికి అబద్ధమాడే అవసరమేముంది?

‘అమ్మో, అసలే బక్కపిల్లాడు. నీరసం రాదూ?’ ఊళ్లో అమ్మల భయం ఇదే. ఒంట్లో ఉండేది సుమారు అయిదు లీటర్లు. తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. పోయిన ద్రవం ఒకట్రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో భర్తీ అవుతాయి. 18 నుంచి 65 ఏళ్లవారు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లయితే మూణ్నెల్లకి, ఆడవాళ్లయితే నాలుగు నెల్లకి ఒకసారి. టిఫిన్ తినే వెళ్లాలి. రక్తం తీయడానికి పట్టేది పదినిమిషాలే. హిమోగ్లోబిన్ చాలక వెనుదిరిగే అమ్మాయిలూ ఉంటారు. హాస్టల్ భోజనం సంగతి తెలిసిందేగా! వాళ్లకి తమ రక్తహీనత బయటపడేదీ అక్కడే.

ఇక నిల్వ సంగతి. ఎర్రకణాలు ఆరు వారాలదాకా ఉంటాయి. డెంగీ, క్యాన్సర్ రోగులకి అవసరమయ్యే ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. తలసీమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్లకి పండగ సెలవులుండవు. సంక్రాంతికీ దసరాకీ మధురానగర్ హాస్టళ్లు మాత్రం ఖాళీ అయిపోతాయి. ఊరెళ్లడానికి రెండ్రోజుల ముందు ఓ గంట నిమ్స్ బ్లడ్‌బ్యాంకుకి కేటాయిస్తే, బ్యాగు సర్దుకోవడానికి ఇంకా బోలెడంత టైముంటుంది.