తరగతి కేటాయింపు - తెలియజేయవలసిన వేళ

విద్యార్థి ఏ తరగతిలో, ఏ విభాగంలో, ఏ ప్రాంగణంలో చదవవలసి ఉందో నిర్ణయించడమే తరగతి కేటాయింపు. నిర్ణయం విద్యాశాఖదో పాఠశాలదో అయినా, దాని ఫలితాన్ని అనుభవించేది కుటుంబం. కనుక ఏమి నిర్ణయించారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తెలియజేశారన్నదీ అంతే ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్ 10న వెలువరించిన 117వ నంబరు ఉత్తర్వు ఇందుకు నిదర్శనం. ప్రాథమిక పాఠశాలలలోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు గల ఉన్నత పాఠశాలలకు తరలించాలన్నది అందులోని ప్రధానాంశాలలో ఒకటి. చిన్న తరగతులకు సైతం సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడు లభించాలన్నది దాని ఆశయం. తరలింపు అంతకుముందు ఏడాదే కొన్నిచోట్ల మొదలైనా, ఈ ఉత్తర్వుతో అది విస్తరించింది. ఆ సంవత్సరం బడులు జులై 5న తెరిచారు. ఉత్తర్వుకూ బడిగంటకూ నడుమ నెలరోజుల వ్యవధి కూడా లేదు. అనేక గ్రామాలలో తల్లిదండ్రులు అభ్యంతరం తెలిపారు. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దు చేసింది.

గోదావరి డెల్టాలో కిలోమీటరు లెక్కకు అర్థమే వేరు. ధవళేశ్వరం ఆనకట్ట నుండి సాగే కాలువలు పల్లెలను పచ్చగా ఉంచుతున్నాయి; దారులను మాత్రం చుట్టుదారులు చేస్తున్నాయి. ఆవలి గట్టున కంటికి కనిపించే బడికైనా వంతెన మీదుగా వెళ్ళక తప్పదు. వరద వేళ లంక గ్రామాలకు పడవే శరణ్యం. పైగా బడులు తెరిచే కాలమే సార్వా ఊడ్పుల కాలం. తెల్లవారకముందే పొలానికి వెళ్ళే తల్లి, ఎనిమిదేళ్ళ బిడ్డను కాలువ దాటించే తోడును ఒక్క పూటలో వెదకుకోలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశమై, పిల్లల హాజరు, అభ్యసన ప్రగతి మొదలైన విషయాలను తెలుపవలెనని నిర్దేశించింది. పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే. నిర్ణయం రూపొందేటప్పుడే ఈ సంఘం ముందుంచితే, కాలువ సంగతి కాగితానికి ఎక్కుతుంది.

ఏప్రిల్‌లో ప్రగతి పత్రాలు అందజేసే రోజే కేటాయింపును, దాని కారణాన్ని వివరించడం ఉచితం. అప్పటికి ఉపాధ్యాయుల బదిలీల వంటివి తేలకపోతే, అది మారవచ్చునని స్పష్టంగా చెప్పాలి. వేసవి సెలవుల వ్యవధిలో కుటుంబం ఆలోచించుకుంటుంది, ప్రశ్నిస్తుంది, అవసరమైతే ప్రత్యామ్నాయం కోరుతుంది. బడి తెరిచిన నాడు చెబితే అది ఆజ్ఞ మాత్రమే అవుతుంది. మార్చుకునే అవకాశం ఉండగా చెప్పినదే నిజమైన సమాచారం.