కొవ్వు ఆమ్లములును చేపలును

కొబ్బరినూనె మన యిండ్లలో నిత్యము వాడబడు వస్తువు. అందలి కొవ్వు ఆమ్లములలో సుమారు సగము లారిక్ ఆమ్లము. నూనెలో నిది గ్లిసరినుతో కట్టుపడి యుండును. అది విడివడి నీటిలో తగినంత గాఢతతో కరగియున్నచో, మనము నిర్భయముగా భుజించు ఆ పదార్థమే చేపకు ప్రాణాంతకము కాగలదు.

ఇది వింతగా తోఁచవచ్చును. కాని కారణము సులభము. మనము తిన్న కొవ్వు జీర్ణకోశమునకుఁ బోవును. నీటిలో కరగిన ద్రవ్యమో, చేప మొప్పలను తిన్నగా తాఁకును. మొప్పల పొర మిక్కిలి పలుచనిది. చేప ఆ పొర ద్వారముననే ఆమ్లజనిని గ్రహించును. ఒడలిలోని లవణముల సమత్వమును గూడ దానివలననే కాపాడుకొనును. కొవ్వు ఆమ్లములు ఆ పొరలోని కణముల పైత్వచమునఁ జొచ్చి దాని కట్టును సడలించును. అంతట చేప యూపిరికై నీటిపైకి వచ్చును, తూలును, వెల్లకిలఁబడును.

అయినచో ఎంత గాఢత ప్రాణాంతకము? దీనిని కంటితోఁ జూచి నిర్ణయింపరాదు. ఒకే జాతి చేపలలోను కొన్ని దుర్బలములు, కొన్ని బలిష్ఠములు. మొదట చచ్చిన చేపనుబట్టి కాని, కడపట మిగిలిన చేపనుబట్టి కాని లెక్క కట్టినచో ఫలితము ప్రతిసారియు మాఱుచుండును. సగము ప్రాణులు చచ్చు మోతాదే అన్నిటికంటె నిలకడగల కొలత యని జె. డబ్ల్యు. ట్రెవన్ 1927లో ఔషధముల విషయమున ప్రతిపాదించెను. చేపల పరీక్షయు ఆ మార్గమునే యనుసరించుచున్నది.

ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ ఈ పరీక్షకు 1981లో ఒక పద్ధతి నేర్పఱచి, 1992లోను 2019లోను సవరించెను. దాని ప్రకారము కనీసము అయిదు తొట్లలో క్రమముగా హెచ్చు గాఢతలు గల నీటిని నింపుదురు. ఏమియు కలపని నీటితో మఱియొక తొట్టి నుంచుదురు. ప్రతి తొట్టిలోను కనీసము 7 చేపలుండవలెను. పరీక్షకు ముందు దినము మొదలుకొని వానికి మేత పెట్టరు. చచ్చినవానిని దినదినమును లెక్కించుచు 96 గంటలు, అనఁగా నాలుగు దినములు, పరిశీలింతురు.

ఉదాహరణమునకు కల్పిత సంఖ్యలను గైకొందము. లీటరు నీటికి 1, 2, 4, 8, 16 మిల్లీగ్రాముల చొప్పున ఆమ్లము కలిపితిమి. 7 చేపలలో వరుసగా 0, 0, 2, 6, 7 చచ్చినవి. సగము చచ్చు గాఢత 4కును 8కిని నడుమ నున్నదని తేలుచున్నది. ఈ సంఖ్య యెంత చిన్నదైన, విషత్వ మంత యెక్కువ యని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

లెక్క యింత సులభమైనను, కొవ్వు ఆమ్లముల విషయమున మోసపోవుటకు నాలుగు త్రోవలు గలవు.

మొదటిది, కరగుట. ఆమ్లములోని కర్బన పరమాణువుల గొలుసు పొడవైనకొలఁది విషత్వము హెచ్చును. కాని నీటిలో కరగు గుణము తగ్గును. 12 కర్బనములు గల లారిక్ ఆమ్లము కొంచెముగానైన కరగును. 18 కర్బనములు గల స్టియరిక్ ఆమ్లము దాదాపు కరగదు. కావున చేపను చంపునంతటి గాఢతను పొందఁజాలదు. తొట్టిలో వేసినదంతయు నీటిలో నున్నదని తలంపక, ఆ నీటినే విశ్లేషించి కొలువవలెను.

రెండవది, నీటి గుణము. సబ్బు వాననీటిలో బాగుగా నురుగునిచ్చును. ఉప్పుబావి నీటిలో తెల్లని తెట్టు కట్టును. సబ్బులోని కొవ్వు ఆమ్లము కఠినజలములోని కాల్షియముతోఁ గలిసి కరగని పదార్థమగుటయే ఆ తెట్టు. కావున నొకే మోతాదు కఠినజలమున చేపకు స్వల్పహానియు, మృదుజలమున గొప్ప హానియు చేయవచ్చును.

మూడవది, ఊపిరి. కొవ్వు ఆమ్లములు సూక్ష్మజీవులకు మంచి ఆహారము. అవి దానిని తినుచు నీటిలోని ఆమ్లజనిని హరించును. అప్పుడు చేప విషమువలనఁ గాక ఊపిరాడక చావవచ్చును. అందుచే నీరు పట్టఁగల ఆమ్లజనిలో నూటికి 60 వంతులకుఁ దగ్గకుండ చూతురు.

నాలుగవది, పులుపు. ఎసిటిక్ ఆమ్లము వంటి చిన్న ఆమ్లములు నీటి ఆమ్లత్వమునే పెంచి చేపను బాధించును. దానిని సరిచేసి పరీక్షించిననే ఆ పదార్థము యొక్క సొంత విషత్వము తెలియును.

ఇది కేవలము ప్రయోగశాలలోని ముచ్చట కాదు. కొయ్యనుండి కాగితపుగుజ్జు చేయు మిల్లుల మురుగునీటిలో చేపలను చంపునవి యేవియని కెనడాలో 1970 తరువాతి దశాబ్దమున శోధించినప్పుడు, కొయ్యలోని గుగ్గిలపు ఆమ్లములతోపాటు ఓలియిక్, లినోలియిక్ వంటి కొవ్వు ఆమ్లములును బయటపడెను. ఏమియు కలిపి పలుచన చేయని మిల్లునీటిలో 96 గంటలుంచిన రెయిన్‌బో ట్రౌట్ చేపలలో సగమునకు మించి చావరాదని 1992లో ఆ దేశము నియమము చేసెను. చెట్టునుండి పుట్టినదగుటచేతనే నిరపాయమని వాదించుటకు తావు లేకపోయెను.

అయినను ఈ పరీక్ష చెప్పున దొక్కటియే: నాలుగు దినములలో చావు. చావకుండుటయు క్షేమముగా నుండుటయు ఒక్కటి కాదు. ఎదుగుదల కుంటువడుట, గ్రుడ్లు తగ్గుట మున్నగు కీడులను తెలిసికొనుటకు దీర్ఘకాల పరీక్షలు వేఱుగాఁ గలవు.

మఱియొక సంగతి. పైఁ జెప్పిన ప్రకారము ఆఱు తొట్లకు కనీసము 42 చేపలు కావలెను. ఈ ప్రాణవ్యయమును తగ్గింపఁగోరి, చేపలకు బదులు జీబ్రాచేప పిండములను వాడు పద్ధతిని ఆ సంస్థయే 2013లో అంగీకరించెను. జీబ్రాచేప మన దేశపుదే; గంగానదీ ప్రాంతపు చేపలను వర్ణించుచు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో దీనిని లోకమునకుఁ దెలిపెను. దాని గ్రుడ్డు పారదర్శక మగుటచే లోపలి పిండము గుండె కొట్టుకొనుటను సూక్ష్మదర్శినిలోఁ జూడవచ్చును.

కావున బాలబాలికలారా, ఒక వస్తువు విషమా కాదా యని యడుగువానికి ఒక్కమాటలో బదులు చెప్పకుఁడు. ఎంత కరగినది, ఏ నీటిలో, ఏ ప్రాణికి, ఎంత కాలము అని తిరిగి యడుగుఁడు. ఆ నాలుగును తెలియక చెప్పు సంఖ్యకు విలువ లేదు.