సోడాబుడ్డి కళ్లద్దాలు వాడేవారు కంటి తెరను కాపాడుకోవాలి



"నాకు మైనస్ ఎనిమిది పవర్. అద్దాలు పెట్టుకుంటే అంతా బాగానే కనిపిస్తోంది. ఇంకా కంటి డాక్టరు దగ్గరికి ఎందుకమ్మా?" అని ఓపీలో చాలామంది అడుగుతుంటారు. అద్దాలు చూపును సరిచేస్తాయి గాని కంటి లోపలి తెరను కాపాడలేవు. ఈ సంగతి ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

తెర ఎందుకు చిరుగుతుంది?

కంటి వెనుక గోడకు లోపలివైపు అతుక్కుని ఉండే పలుచని పొరను రెటీనా అంటారు. మనం చూసేవాటి బొమ్మ దానిమీదే పడుతుంది. పెద్దవారి కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. మైనస్ పవర్ బాగా ఎక్కువైనవారిలో అది 26 దాటి సాగుతుంది. దానితోపాటు పొర కూడా సాగి, అంచుల్లో పలచబడి, ఒక్కోసారి చిరుగుతుంది. ఏటిగట్టుకు గండి పడితే నీళ్లు చొరబడినట్టు, కంటిలోని ద్రవం ఆ చిరుగులోంచి పొర వెనక్కి చేరి దాన్ని గోడనుంచి ఊడదీస్తుంది.

పవర్ మైనస్ ఆరు, అంతకు మించి ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. లేజరుతో అద్దాలు తీయించుకున్నా సాగిన గుడ్డు చిన్నదవదు, కాబట్టి వారికీ పరీక్షలు అవసరమే. శుక్లాల ఆపరేషన్ అయినవారు, కంటికి దెబ్బ తగిలినవారు, ఒక కంటికి ఇదివరకే తెర ఊడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే బయలుదేరండి

1. కంట్లో ఉన్నట్టుండి మెరుపులు.
2. దోమలు, సాలెపోగుల్లాంటి నల్లచుక్కలు ఒక్కసారిగా పెరగడం.
3. ఒక పక్కనుంచి నల్లటి తెర కమ్ముకొస్తున్నట్టు ఉండడం.

నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకే చాలామంది "పండగ వెళ్లాక చూద్దాం" అనుకుంటారు. చూపుకు కేంద్రమైన మధ్యభాగం ఊడకముందే వైద్యం అందితే చూపు దక్కే అవకాశం చాలా ఎక్కువ. పొన్నగంటి కూర తినండి, మంచిదే. కాని అది ఊడిన తెరను అతికించదు. నందివర్ధనం పూలు, ఆముదం కంట్లో పెట్టకండి.

కొత్తపేటవారు రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం, అమలాపురంవారు ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ చేరవచ్చు. రాజోలువారికి చించినాడ వంతెన దారి ఉంది. రెటీనా డాక్టరు ఉన్నారో లేదో ఫోన్‌లో కనుక్కుని మరీ వెళ్లండి. విశాఖపట్నంలోను, విజయవాడ దగ్గర తాడిగడపలోను ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆసుపత్రులు ఉన్నాయి.

వైద్యం ఉంది

చిరుగును వెతికి మూస్తే తెర మళ్లీ అతుక్కుంటుందని 1920ల్లో స్విట్జర్లాండ్ వైద్యుడు జూల్ గోనిన్ చూపించారు. అంతకుముందు తెర ఊడితే కన్ను పోయినట్టే లెక్క. నేడు తెర ఊడకముందే చిరుగు దొరికితే చుట్టూ లేజరు వేసి ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఊడిపోతే ఆపరేషన్ కావాలి. కంట్లో గ్యాసు నింపితే డాక్టరు చెప్పినట్టు తల వంచుకుని ఉండాలి. గ్యాసు కరిగేదాకా విమానం ఎక్కకూడదు. గల్ఫ్‌నుంచి సెలవు మీద వచ్చినవారు ఇది గుర్తుంచుకోవాలి.

రోజువారీ జాగ్రత్తలు

* ఏడాదికొకసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడపకండి, తోడు తెచ్చుకోండి.
* వారానికొకసారి ఒక్కో కన్ను మూసి గోడ క్యాలెండరు చూడండి. గీతలు వంకరగా కనిపించినా డాక్టరుకు చూపించండి.
* కొబ్బరి వలిచేటప్పుడు, కట్టెలు కొట్టేటప్పుడు, దీపావళికి కంటికి రక్షణ అద్దాలు పెట్టుకోండి.
* చదవడం, టీవీ చూడడం వల్ల తెర చిరగదు. గర్భిణులూ భయపడనక్కరలేదు. మైనస్ పవర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అవసరం లేదు.
* పిల్లల్ని రోజూ కాసేపు ఆరుబయట ఆడనివ్వండి. సైటు రావడం కొంత తగ్గుతుంది.

మీ పవర్ ఎంతో, రెటీనా డాక్టరు ఫోన్ నెంబరు ఏమిటో కాగితం మీద రాసి కళ్లద్దాల పెట్టెలో ఉంచుకోండి. మెరుపు కనిపించిన రోజు వెతుక్కునే పని ఉండదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్