దవడ పండ్లకు సీలెంటు: మేలు ఎంత?

పండ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పండ్లు లేవు అని మన పెద్దలు అంటుంటారు. శనగలు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు గానీ, పోయిన దవడ పన్ను మళ్లీ రాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. చిన్నప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు మాకు లేరు. అందుకే మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏ పన్ను ఎప్పుడు వస్తుంది?

పండ్లన్నీ ఒకసారి ఊడి మళ్లీ వస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఊడి కొత్తవి వచ్చేది 20 పాల పండ్లకే. సుమారు 6 ఏళ్ల వయసులో పాల పండ్ల వెనుక, ఏదీ ఊడకుండానే, నాలుగు పెద్ద దవడ పండ్లు వస్తాయి. సైన్సు పుస్తకంలో చర్వణకాలు అని చదివేది వీటినే. 12 ఏళ్లప్పుడు వీటి వెనుక మరో నాలుగు వస్తాయి. అంటే ఆరు, ఏడు తరగతుల్లో, అమ్మానాన్నలకు దూరంగా మనం హాస్టల్లో ఉన్నప్పుడే.

అవే ఎందుకు పుచ్చుతాయి?

దవడ పన్ను పైభాగం దున్నిన చేనులా ఉంటుంది. దాని మీది చాళ్లు కొన్ని బ్రష్ వెంట్రుక కూడా దూరనంత సన్నగా ఉంటాయి. వాటిలో ఇరుక్కున్న తిండిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణి పొరను కరిగిస్తుంది. ఫ్లోరైడ్ పేస్టు పన్ను నున్నటి వైపులను బాగా కాపాడుతుంది, చాళ్లలో మాత్రం దాని బలం తక్కువ. 2002-03లో మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి పుప్పి పండ్లున్నట్లు తేలింది.

సీలెంటు అంటే ఏమిటి?

చాళ్లను మూసే పలుచని పూత ఇది. 1955లో అమెరికాకు చెందిన బ్యూనోకోర్ అనే దంత శాస్త్రవేత్త, పింగాణిని కొద్దిగా ఆమ్లంతో కడిగితే రెజిన్ దానికి గట్టిగా అంటుకుంటుందని చూపాడు. ఇప్పటికీ పద్ధతి అదే. పన్నును శుభ్రం చేసి, కొద్దిసేపు ఆమ్లపు జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, పూత వేసి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. సూది ఉండదు, పన్ను తొలచడం ఉండదు. అయితే పూత వేసేటప్పుడు లాలాజలం తగలకూడదు, తగిలితే త్వరగా ఊడిపోతుంది.

ఎంతవరకు కాపాడుతుంది?

అమెరికా ప్రభుత్వ సంస్థ సి.డి.సి. లెక్క ప్రకారం, దవడ పండ్లలో వచ్చే పుప్పిని సీలెంటు మొదటి రెండేళ్లు 80 శాతం, నాలుగేళ్ల వరకు 50 శాతం అడ్డుకుంటుంది. అంటే రక్షణ గట్టిదే కానీ శాశ్వతం కాదు. పూత అరిగినా, ఊడినా మళ్లీ వేయించుకోవాలి. రెండు పండ్ల మధ్య వచ్చే పుప్పిని అది ఆపలేదు. లోతుగా గుంత పడిన పన్నుకు సీలెంటు చాలదు, ఫిల్లింగ్ చేయాలి. కాబట్టి పన్ను పూర్తిగా బయటికి వచ్చిన కొద్ది కాలానికే వేయించడం మేలు.

మనం చేయవలసింది

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం చూసే సమస్యల్లో పండ్లు కూడా ఉన్నాయి. వాళ్లు వచ్చిన రోజు సిగ్గుపడకుండా నోరు తెరిచి చూపించండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎక్కడున్నా, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినప్పుడు పండ్ల డాక్టరును సీలెంటు గురించి అడగండి. రోజూ రెండు పూటలా, ముఖ్యంగా పడుకునే ముందు, బ్రష్ చేయండి. పేస్టును మింగకుండా ఉమ్మేయండి. మన వైపు కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల పండ్ల మీద వచ్చే గోధుమ రంగు మచ్చలు, పుప్పి ఒకటి కావు. ఏది ఏదో డాక్టరే చెప్పాలి.

పెద్ద తరగతుల వాళ్లకు ఒక మనవి. ఆరో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడికి, చెల్లెలికి ఈ సంగతి చెప్పండి. నొప్పి లేచాక పీకించడం కంటే, నొప్పి రాకముందే చూపించడం సులువు.