ఇష్టము లేని యుద్యోగము: దానిని తూచవలసిన విధము

పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట పూర్వవిద్యార్థులు కొందఱు మా యొద్దకు వచ్చి యాలోచన యడుగుట వాడుక. కడచిన వేసవిలో నొక సాయంకాలము అట్టివాడొకడు వచ్చెను. వాని వెంట తండ్రియు, తాతయు నుండిరి. ముగ్గురి నడుమ నున్నది యొకే కాగితము. దానిని ముగ్గురును మూడు విధములుగా చదువుకొనుచుండిరి. అందుచేత ఇంటిలో పది దినములనుండి మాటలు నిలిచిపోయినవని తండ్రి మెల్లగా చెప్పెను.

ఆ కాగితము రైల్వేవారి నియామకపు ఉత్తరువు. పని ట్రాక్ మెయింటెయినరు పని. జనులు గ్యాంగ్‌మాన్ అని పిలుచునది. ఎండయనక వానయనక పట్టాలవెంట నడచి, సడలిన బోల్టులను బిగించుట, స్లీపర్ల క్రింద కంకరను గట్టిపఱచుట ఆ పనివారి విధి. దీనికి పదవ తరగతి చదువు చాలును. ఏడవ వేతనసంఘము ననుసరించి మూలవేతనము నెలకు 18,000 రూపాయలు. పురుషులు 35 కిలోల బరువును రెండు నిమిషములలో 100 మీటర్లు మోయవలెను. ఒక కిలోమీటరు దూరమును నాలుగు నిమిషముల పదునైదు సెకనులలో పరుగెత్తవలెను. 2019లో ఈ తరగతి యుద్యోగములు 1,03,769 ప్రకటింపబడగా, ఒక కోటికి మించిన దరఖాస్తులు వచ్చినవి. మా విద్యార్థి ఇంజనీరింగు పట్టభద్రుడు. స్నేహితుల బలవంతముచేత వ్రాసిన పరీక్షలో నెగ్గెను, నెగ్గినందులకే సిగ్గుపడుచుండెను.

మొదట తాతగారు మాటలాడిరి. “మబ్బులో నీళ్లు చూచి ముంతలో నీళ్లు ఒలకబోసికొందువా, నాయనా?” అని మనుమని నడిగిరి. వారిది ఒంగోలు ప్రాంతము. అచ్చట 1876 మొదలు 1878 వఱకు నుండిన మహాక్షామమును గూర్చి ముసలివారు తమ పెద్దలవలన వినియున్నారు. ఆ దినములలో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. తోలుపని తప్ప వేఱెఱుగని చేతులు నాడు పలుగు పట్టినవి. ఆ కూలి డబ్బులవలననే యెన్నో కుటుంబములు బ్రదికినవి. అట్టి కథలు వినుచు పెరిగినవారికి, నెల తిరుగకమునుపే చేతికి వచ్చు జీతము దేవుని కృపగా కనబడుటలో వింత యేమున్నది? పని యిష్టమా కాదా యను ప్రశ్నయే వారికి తోచదు.

తండ్రి యనుభవము వేఱు. ఆయన యొక నూలుమిల్లులో పనిచేయుచుండగా అది మూతపడినది. రావలసిన జీతములు రాలేదు. పిల్లవాని బడిజీతమునకై తల్లి గాజులు తాకట్టుపెట్టిరి. కావున ఆయన కోరునది గొప్ప జీతము కాదు, మూతపడని యుద్యోగము.

ఇక కుమారుడు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట పుట్టినవాడు. తనవంటి పల్లెబిడ్డలు గణకయంత్రముల యెదుట కూర్చుండి, తండ్రి సంవత్సరమంతయు గడించునది ఒక్క నెలలో గడించుట కన్నులార చూచినాడు. “నాలుగేండ్లు చదివినది సుత్తి పట్టుటకా, అయ్యగారూ?” అని మమ్ము నడిగెను. ఆ ప్రశ్న గర్వమువలన పుట్టినది కాదు. తాను చదివిన చదువు వ్యర్థమగునేమో యను భయమువలన పుట్టినది.

విద్యార్థులారా, తలిదండ్రులారా! ఇచ్చట తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. ప్రతి తరమువారును తాము చూచిన యపాయమునే తూనికరాయిగా నుంచుకొందురు. తాతకు ఆకలి యపాయము. తండ్రికి పని పోవుట యపాయము. కుమారునికి ఎదుగక నిలిచిపోవుట యపాయము. మూడును నిజమైన యపాయములే. అయితే తన రాయి యొక్కటే సరియైనదని తలంచువాడు తప్పుగా తూచును.

రాయి పాతదైనచో తూనికయు మాఱును. తాతగారు పింఛను అనగా తమ కాలపు పింఛనునే తలంచుచుండిరి. 2004 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వ కొలువులో చేరినవారికి ఆ పద్ధతి లేక, ఉద్యోగియు ప్రభుత్వమును నెలనెల చెల్లించు సొమ్ముపై ఆధారపడు పద్ధతి వచ్చినది. 2025 ఏప్రిల్ 1 నుండి మఱియొక పద్ధతిని కోరుకొను వీలు కలిగినది. అందు 25 సంవత్సరములు పనిచేసినవారికి కడపటి పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము పింఛనుగా లభించును. కుమారుని లెక్కలోను లోపముండెను. ప్రైవేటు కంపెనీలవారు ఉత్తరములో చూపు సాలుసరి మొత్తము చేతికి వచ్చునది కాదు. యజమాని చెల్లించు భవిష్యనిధి మొదలగునవి సైతము అందు చేరియుండును. వీనిని తీసివేసి నెలకు లెక్కించిననే నిజము తెలియును.

అందుచేత మేము వానికి తీర్పు చెప్పక, నాలుగు ప్రశ్నలను కాగితముమీద వ్రాయించితిమి. ఈ పనివలన చేతికి నిజముగా వచ్చునదెంత? ఇది నాకేమి నేర్పును, ఇందుండి పైకి పోవు దారి యున్నదా? విడువవలసి వచ్చిన విడువగలనా? నేను కాదన్నచో నా బరువు ఎవరి భుజముపై పడును? జవాబు వ్రాయకమునుపు ఒక దినము ఆ పనిని కన్నులార చూచి రమ్మంటిమి.

వాడు వెళ్లి, మండుటెండలో పనివారి వెంట సాయంకాలమువఱకు నడచెను. పట్టాలు ఎండకు సాగుననియు, ఆ సంగతి గమనింపకున్న బండి పట్టాలు తప్పుననియు ఒక వృద్ధుడైన పనివాడు వానికి వివరించెను. “ఇంజనీరింగులో చదివినదే, కాని నేడే తెలిసినది” అని వాడు మాతో ననెను. పనిలోనుండి శాఖాపరీక్షలు వ్రాసి పై పదవులకు పోవచ్చునని కూడ తెలిసికొనెను. తుదకు మూడేండ్లు గడువు పెట్టుకొని చేరెను. అంతలో పైకి పోలేకున్న వేఱు దారి చూచికొందునని తండ్రితో ముందే చెప్పెను, తండ్రి యొప్పుకొనెను. వాడు చేసినది సరియైనదో కాదో కాలమే చెప్పవలెను.

అట్లని ప్రతి యుద్యోగమును అంగీకరింపుమని మా భావము కాదు. మా పూర్వవిద్యార్థిని యొకతెకు ఒక ప్రైవేటు సంస్థవారు మంచి జీతము చూపిరి. కాని రెండేండ్లు విడువరాదనియు, చదువు ధ్రువపత్రముల అసలు ప్రతులను తమయొద్ద నుంచవలెననియు నియమము పెట్టిరి. తలిదండ్రులు జీతము చూచి సంతోషించిరి. మూడవ ప్రశ్నకు జవాబు లేదని చూపి, ఆ చిన్నది వలదనెను. మేమును ఆమె పక్షముననే మాటలాడితిమి.

అపొస్తలుడైన పౌలు సువార్త ప్రకటించుచు డేరాలు కుట్టెను. ఆ పని ఆయనకు ప్రియమైనదో కాదో వ్రాయబడలేదు. దానివలన ఎవరికిని భారము కాకుండ బ్రదికి, తన యసలు పనిని సాగించెనని మాత్రము తెలియును. చేతిపని తక్కువ కాదు. అట్లే అది మనుష్యుని సర్వస్వమును కాదు.

పిల్లలారా, పెద్దల తీర్పు మీకు రుచింపకున్నను వారి కారణమును తుదివఱకు వినుడు. అందొక యాకలి కథ యుండవచ్చును. పెద్దలారా, పిల్లలు వెనుకాడునప్పుడు సోమరితనమని తొందరపడకుడు. వారి భయమేమో యడుగుడు. ఆ సాయంకాలము మా యింటినుండి వెళ్లునప్పుడు తాతగారు మనుమని చేయి పట్టుకొని మెట్లు దిగిరి. పది దినములకు వారు మాటలాడుకొనుట అదే మొదలు.